ముట్లుడిగాక మళ్ళీ మూడు రోజులు

ఇవన్నీ రాయడం అవసరమా అని మా ఆయన అడిగాడు. ఆడవాళ్ళు చెవిలో చెప్పుకునే సంగతులు కాగితం మీద పెడితే నలుగురూ నవ్వుతారని ఆయన భయం. నవ్వనివ్వండి. చెవిలో చెప్పుకోవడానికి కూడా జంకి మా అక్క పోయింది. నాకిప్పుడు ఒళ్ళు నెమ్మదించింది, కలం పట్టుకుని కూర్చోగలుగుతున్నాను. కౌతాళంలో మా నాయన బడిపంతులు కాబట్టి నాలుగు అక్షరాలు వచ్చు. నా కోసం సగం, నా వయసు ఆడవాళ్ళ కోసం సగం రాస్తున్నాను.

మా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో చేరిన మరుసటి ఎండాకాలం ఇది మొదలైంది. నాకు అప్పుడు నలభై తొమ్మిది. ముట్లుడిగి ఏడాది దాటింది. ఎమ్మిగనూరులో మాది మగ్గాల ఇల్లు. మా ఆయన, మా అబ్బాయి రెండు మగ్గాల మీద కూర్చుంటారు. నూలు నానబెట్టడం, కండెలు చుట్టడం, పడుగుకు గంజి పెట్టడం నేనూ కోడలు శారదా మా అత్తా చూసుకుంటాం. మగ్గాల ఇళ్ళలో ఒక కట్టు ఉంది. బయట చేరిన ఆడది మూడు రోజులు నూలు ముట్టకూడదు. పెరటి పంచలో చాప మీద కూర్చోవాలి. కన్నెగా ఉన్నప్పుడు ఆ పంచ చూస్తే ఏడుపొచ్చేది. పెళ్ళై నలుగురు పిల్లల్ని కన్నాక తెలిసింది, నెలలో మా ఆడవాళ్ళ నడుము నేలకు ఆనేది ఆ మూడు రోజులే అని. ముట్లుడిగిన రోజు మా అత్త సంతోషపడింది. ఇక ముప్పై రోజులూ నీ చెయ్యి మగ్గానికే అంది. నేను పైకి నవ్వాను గానీ లోపల నాకు ఏదో పోగొట్టుకున్నట్టే అనిపించింది.

ఉగాది దాటిన వారానికి మొదటి మంట వచ్చింది. రాట్నం దగ్గర కూర్చుని ఉన్నాను. రొమ్ముల కింద పుట్టిన వేడి మెడకు, చెంపలకు ఎక్కి, నెత్తి మీద పొయ్యి పెట్టినట్టు మండిపోయాను. తర్వాత చెమట. రవిక తడిసి వీపుకు అతుక్కుంది. ఎండాకాలం కదా అని సరిపెట్టుకున్నాను. కానీ పక్కన శారద కొంగుతో మెడ కూడా తుడుచుకోలేదు. తర్వాత రోజుకు రెండు, నాలుగు, ఎనిమిది. మంటకు ముందు ఒక భయం వచ్చేది, అది మంట కన్నా చెడ్డది. ఎందుకో తెలియదు, ఇంట్లో ఎవరో పోతున్నారనిపించి గుండె కొట్టుకునేది. లేచి వెళ్ళి మా ఆయన మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడా లేదా అని చూసి వచ్చేదాన్ని. పగలంతా ఇదే పని. నిద్ర సంగతి చెప్పనే అక్కరలేదు.

మా వాళ్ళకు అన్నిటికీ ఒకే పేరు ఉంది, వేడి చేసింది అంటారు. మెంతులు నానబెట్టి తాగించారు, సబ్జా గింజలు తాగించారు, నడినెత్తిన ఆముదం పెట్టారు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి బస్సులో తీసుకుపోయి మొక్కించారు. ఆ జనంలో రెండు సార్లు మంట వచ్చింది. స్వామి మీద నాకు కోపం లేదు. ఆయన మగవాడు, ఈ బాధ ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు.

ఉరుకుంద నుంచి వచ్చిన నాలుగో రోజు పొద్దున వీధిలో పడుగు సాగదీశాం. పడుగుకు గంజి పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆ కొస నుంచి ఈ కొస దాకా నూలు పరిచి, ఎండ ముదరక ముందే గంజి పట్టించి, కుంచెతో దువ్వి, పోగుకు పోగు విడదీయాలి. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా వచ్చి చెయ్యి వేస్తారు. ఆ హడావిడిలో శారద పొయ్యి మీది గంజి తేవడం కాస్త ఆలస్యమైంది. నాకు మంట వచ్చింది, దాని ముందు వచ్చే భయమూ వచ్చింది, ఈసారి వాటితో పాటు ఒక కోపం వచ్చింది. నేను కోపిష్టిదాన్నే, కాదనను. నోటితో అంటాను, గంటకు మరిచిపోతాను. ఆ రోజు నోరు రాలేదు. శారద చేతిలో కుండను లాగి విసిరికొట్టాను. గంజి ఆ పిల్ల పాదాల మీద పడింది. ఆమె కేక పెట్టలేదు. కూర్చుని తన కాళ్ళను తాను చూసుకుంటోంది. వీధి వీధంతా కుంచెలు ఆపి నన్ను చూసింది. ఆ పిల్ల కాళ్ళ మీద బొబ్బలు లేస్తుంటే నాకు నా చేతులంటే భయం వేసింది.

మా పినతల్లి ఒకామె ఈ వయసులోనే పిచ్చిదైంది. గదిలో పెట్టి గొళ్ళెం వేసేవాళ్ళు, అన్నం కిటికీలోంచి పెట్టేవాళ్ళు. ఆ పాట్లు నాకూ వస్తాయని అందరూ అనుకుంటున్నారని నాకు తెలుసు. నేనూ అదే అనుకున్నాను. ఆ వారమే మా ఆయన నన్ను ఆదోని తీసుకుపోయాడు.

ఆస్పత్రిలో ఆడవాళ్ళ వసారా పొడుగ్గా ఉంటుంది. అప్పటికే ముప్పై మంది కూర్చున్నారు. పక్కనే ఎక్కడో పత్తి మిల్లు, దూది నలుసులు గాల్లోకి వచ్చి అందరి తలల మీదా వాలుతున్నాయి. కడుపుతో ఉన్నవాళ్ళు ఎక్కువ. నా వయసు వాళ్ళు ముగ్గురమే, ముగ్గురమూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా గోడ చూస్తున్నాం. నాకు మంట వచ్చింది. మరియమ్మ అనే నర్సు చూసి, చీటీల అట్ట తెచ్చి నాకు విసురుతూ నిలబడింది. ఆమెకు అంత పని ఉండీ నా చెమట ఆరేదాకా కదలలేదు.

"నాకూ వచ్చినాయిలేక్కా ఈ మంటలు. నిప్పు మాదిరి ఉంటాది గానీ కాల్చదు" అంది.

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. ఐదు నెలల్లో నాకూ వచ్చిందని చెప్పిన మొదటి మనిషి ఆమే.

డాక్టరమ్మ బళ్ళారి వైపు మనిషి. పరీక్ష చేసింది, కళ్ళు, గుండె, కడుపు అన్నీ చూసింది. నాకు పిచ్చి కాదంది. ఆడదాని ఒంట్లో ఊరే రసం ఒకటి ఉంటుందట, దాన్ని హార్మోను అంటారట. ముట్లుడిగాక అది ఇంకిపోతుందట. కొందరికి తెలియకుండా ఇంకుతుంది, కొందరిని ఇట్లా కాల్చుకు తింటుంది. ఆ రసం లాంటిదే బిళ్ళలుగా వచ్చిందనీ, మూడు వారాలు రోజుకొకటి మింగి ఒక వారం ఆపాలనీ చెప్పింది. మంటలు తగ్గుతాయి, నిద్ర వస్తుంది, ఈ భయం పోతుంది అంది. నేను చెయ్యి చాపాను. ఆమె చీటీ ఇవ్వలేదు. ఇంకొకటి చెప్పింది. ఆపిన వారంలో ముట్టు మళ్ళీ రావచ్చు. అది మందు తెచ్చే ముట్టు, నాలుగు రోజులుండి పోతుంది. భయపడవద్దు అంది.

నేను చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా అక్క గుర్తుకొచ్చింది.

మా తిమ్మక్క నాకన్నా ఆరేళ్ళు పెద్ద. కౌతాళంలోనే ఇచ్చారు. ఆ ఊరి అమ్మవారికి నైవేద్యం వండేది ముట్లుడిగిన ముత్తైదువే కావాలి. అక్కకు నలభై ఆరో ఏట ఆ పని ఒప్పజెప్పారు. అంతవరకూ ఆమెను పేరు పెట్టి పిలవని వాళ్ళు కూడా తిమ్మక్కా అని దోవ ఇచ్చేవాళ్ళు. మూడేళ్ళు వండింది. తర్వాత గుడ్డకు మళ్ళీ ఎరుపు కనిపించడం మొదలైంది. చెబితే నైవేద్యం పోతుంది. అది పోతే పోనీ, కనిపించిన రోజుల్లో కూడా వండింది కదా, ఊరికి కీడు చేసిందంటారు. ఆ ఏడే పశువులకు గాళ్ళ జబ్బు వచ్చి చచ్చిపోయాయి. తన వల్లే అనుకుంది. మొగుడికి చెప్పలేదు, కూతుళ్ళకు చెప్పలేదు, నాకు చెప్పలేదు. ఏడాది పైన మోసింది. మంచాన పడ్డాక నన్ను పిలిపించారు. ఆమె గుడ్డలు ఉతికినప్పుడు నీళ్ళలో ఆ వాసన చూసి నాకు తెలిసింది. బళ్ళారికి తీసుకుపోతే గర్భసంచిలో రాచపుండు, ఆలస్యమైంది అన్నారు. ఇరవై రోజులకు పోయింది.

అక్క సంగతంతా డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నన్ను మళ్ళీ పడుకోబెట్టి ఇంకోసారి పరీక్ష చేసింది. ఇప్పటికి ఏమీ కనిపించలేదంది. అప్పుడు నేను అడగవలసింది అడిగాను.

"అమ్మా, మందు తెచ్చిన రక్తమేదో, మా అక్కను తీసుకుపోయిన రక్తమేదో నాకెట్ల తెలుస్తాది?"

ఆమె దాచకుండా చెప్పింది. ఆపిన వారంలో వచ్చి, నాలుగైదు రోజుల్లో పోతే మందుది. బిళ్ళ మింగే రోజుల్లో కనిపించినా, వచ్చింది ఆగకపోయినా ఆ రోజే బస్సెక్కి రావాలి. మందు కొత్తది, మీ అక్కకు అట్లా అయ్యాక నీకు ఇది మంచిదని గట్టిగా చెప్పలేను, చెడ్డదనీ చెప్పలేను, ఇంటికి పోయి ఆలోచించుకో అంది. చీటీ మాత్రం రాసి ఇచ్చింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అప్పుడు తెలిసింది దాని అర్థం. మింగకపోతే పినతల్లి గది, మింగితే అక్క మంచం. భాద్రపదం అంతా ఆ చీటీ బియ్యం డబ్బాలోనే ఉంది. రోజూ తీసి చూసి మళ్ళీ పెట్టేదాన్ని. శారద కాళ్ళు మానుతున్నాయి. ఆ పిల్ల నా ముందు నడిచేటప్పుడు చేతిలో ఏముందో చూసుకుని, కాస్త ఎడంగా నడిచేది. ఆ ఎడం చూసినప్పుడల్లా చీటీ తీసేదాన్ని.

మా అత్తకు డెబ్బై పైనే. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది, ఇప్పటికీ నాకన్నా నున్నగా కండె చుడుతుంది. మందు సంగతి విని, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది మీ డాక్టరమ్మ యవ్వారం అంది. ఉడిగిపోయిన దాన్ని మళ్ళీ తెప్పించుకునే ఆడది ఉంటుందా అంది. దసరాకు గిరాకీ ఎక్కువ, పడుగు మీద పడుగు వేయాలి, ఇంట్లో శారద మూడు రోజులు, నేను మూడు రోజులు పంచలో కూర్చుంటే వండేదెవరు, గంజి పెట్టేదెవరు అని అడిగింది. అన్నీ నిజమే. నాకు మళ్ళీ ఆ మూడు రోజుల మీద ఆశ ఉన్నదనే మాట మాత్రం నేను ఆమెకు చెప్పలేదు. సిగ్గేసింది.

నాలుగు రోజులు పోయాక ఆమే ఒక దారి చెప్పింది. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"మింగితే మింగు. వచ్చిందని మాత్రం ఎవురికీ సెప్పొద్దు. మామూలుగా పనిలో కూకో. నీ వయసు దాన్ని ఎవురు అనుమానిస్తారు?"

సరిగ్గా ఇట్లాగే అక్క కూడా తనకు తాను చెప్పుకుని ఉంటుంది. దాచింది కాబట్టే మా అక్క పోయింది అత్తా అన్నాను. ఆమె ముందున్న కండెలు ఏరుకుని లోపలికి వెళ్ళింది. ఆ పూట అన్నం కూడా తినలేదు. నేను ఎదురు మాట్లాడానని అలిగిందనుకున్నాను.

కానీ ఆమె మాట వల్లే నాకు ఒకటి తేలింది. ముట్టు వస్తుందో రాదో నా చేతిలో లేదు. దాచడం, దాచకపోవడం నా చేతిలో ఉంది. అక్కకు రక్తం వచ్చింది ఎన్ని రోజులో, ఏ రోజుల్లోనో ఎవరూ లెక్క పెట్టలేదు. ఎందుకంటే ఎవరికీ తెలియదు. నేను పంచలో కూర్చుంటే ఇల్లంతటికీ తెలుస్తుంది, వీధికీ తెలుస్తుంది. నాలుగో రోజు లేవకపోతే ఎందుకు లేవలేదని ఎవరో ఒకరు అడుగుతారు. ఇన్నేళ్ళు ముట్టు కట్టును తిట్టుకున్నదాన్ని, అదే నాకు కాపలా అవుతుందనుకోలేదు.

మా ఆయన మగ్గం దిగి చేతులు కడుక్కుంటున్నప్పుడు చెప్పేశాను.

"నేను మింగుతా. అయితే వచ్చిన్నాడు దాచను. అందరికీ సెప్పే పంచలో కూర్చుంటా. పడుగు ఆగినా సరే, వీధి నవ్వినా సరే."

ఆయన మాటల మనిషి కాదు. చేతులు తుడుచుకుని పడుగు వైపు చూశాడు.

"పడుగు ఆగితే ఆగనీలే. నువ్వు రోజుకు పదిసార్లు వచ్చి నేనుండానో లేదో సూసిపోతాండావు. నాకు అది సూడలేకుండా ఉంది" అన్నాడు.

ఆయనకు తెలుసని నాకు తెలియదు. మర్నాడే ఆదోని పోయి బిళ్ళలు తెచ్చాడు.

మొదటి బిళ్ళ దసరా వెళ్ళిన మూడో రోజు మింగాను. చిన్న తెల్ల బిళ్ళ, రుచి లేదు. వారం దాకా కడుపులో తిప్పింది, తిన్నది నిలవలేదు. రెండో వారంలో మంటలు రోజుకు రెండుకు దిగాయి. ఒక మధ్యాహ్నం రాట్నం ముందే నిద్రపోయాను, శారద లేపలేదు. ఆ భయం కూడా పోయింది. పోయిందని సంతోషించే లోపల దాని చోట ఇంకొకటి వచ్చింది. ఇది ఊరికే వచ్చే భయం కాదు, కారణం ఉన్న భయం. స్నానానికి వెళ్ళినప్పుడల్లా గుడ్డ చూసుకునేదాన్ని. మింగే రోజుల్లో కనిపిస్తుందేమో అని. మూడు వారాలు ఏమీ కనిపించలేదు.

బిళ్ళ ఆపాను. ఒక రోజు గడిచింది, రెండు గడిచాయి. రాకపోతే బాగుండుననీ, రావలసింది రాకపోతే ఏమి ముంచుకొస్తుందో అనీ రెండు రకాలుగానూ చచ్చాను. నాలుగో రోజు ఉదయం వచ్చింది. ఆ ఎరుపు చూడగానే అక్క గుడ్డలే కనిపించాయి. అయినా చాప తీసుకుని పెరట్లోకి నడిచి, ఇల్లంతా వినేటట్టు, నేను బయట చేరినానని చెప్పాను.

మధ్యాహ్నానికి వీధికి తెలిసింది. మనవడినెత్తే వయసులో బయట చేరడమేమిటని ఒకామె గోడ మీదుగా తొంగి చూసి పోయింది. ఇంకొకామె, మళ్ళీ పురుడు పోసుకుంటావా వదినా అని నవ్వింది. శారద మాత్రం అన్నం తెచ్చి ఎడంగా పెట్టి, ఎడంగానే కూర్చుంది. నేను తింటున్నంతసేపూ కబుర్లు చెప్పింది. గంజి పడ్డాక ఆ పిల్ల నా ముందు అంతసేపు కూర్చోవడం అదే మొదలు. మా అత్త మాత్రం పెరటి వైపే రాలేదు. తలుపు దగ్గర నిలబడి చూస్తోందని ఒకటి రెండుసార్లు అనిపించింది.

రెండో రోజు తగ్గుముఖం పట్టింది. మధ్యాహ్నం, మగవాళ్ళు భోజనం చేసి మగ్గాలెక్కాక, శారద బావికి వెళ్ళినప్పుడు, అత్త పెరట్లోకి వచ్చింది. ఎడంగా నిలబడుతుందనుకున్నాను. నడిచి వచ్చి నా చాప మీద, నాకు భుజం తగిలేటట్టు కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా బయట చేరిన నా నీడ కూడా తన మీద పడనివ్వని మనిషి.

"అత్తా, నన్ను ముట్టుకుంటాండావు" అన్నాను.

"నేనూ బయటదాన్నేలే" అంది. "ఉగాది నుంచి."

ఆమె నా మొహం చూడలేదు, నా చెయ్యి పట్టుకుని దాని వైపే చూస్తూ అడిగింది. "నాకు ఉడిగి పాతికేండ్లాయె. ఇది ఏ రక్తమో మీ డాక్టరమ్మనడుగుతావా?"

ఆ ఏడు నెలలూ ఆమె మా పక్కనే కూర్చుని కండెలు చుట్టింది. నా మంటకు ఆముదం పెట్టింది. నేను నా ఒంట్లోదే చూసుకుంటూ తిరిగాను, ఆమె సన్నబడటం కూడా చూడలేదు. దాచుకోమని నాకు చెప్పిన రోజున ఆమె తన సంగతే చెప్పుకుంది. అక్క మాట నేను ఎత్తినప్పుడు అలిగి లేవలేదు. భయపడి లేచింది.

మర్నాడు మొదటి బస్సుకు ఇద్దరం ఆదోని పోయాం. బయట చేరిన ఆడది మూడు రోజులు దాటందే బస్సెక్కకూడదని ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆ వసారాలోనే కూర్చున్నాం. మరియమ్మ అత్తను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. డాక్టరమ్మ చాలాసేపటికి బయటికి వచ్చి, ఎన్నాళ్ళ నుంచి అని ఒక్క మాట అడిగింది. చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

నా సంగతి చెప్పి ముగిస్తాను. పదకొండు నెలలు మింగాను. వచ్చిన ప్రతిసారీ పంచలో కూర్చున్నాను, నాలుగో రోజు లేచాను. తర్వాత డాక్టరమ్మే మెల్లగా తగ్గించి ఆపించింది. ఇప్పుడు ఎప్పుడన్నా ఒక మంట వస్తుంది, కొంగుతో విసురుకుంటే పోతుంది. మందు మంచిదా చెడ్డదా అని అడిగేవాళ్ళకు నేను జవాబు చెప్పలేను. నాకు పనికొచ్చింది, అక్కలాంటి వాళ్ళు ఉన్న ఇంట్లో భయపడుతూ మింగాను, అంతే. డాక్టరును అడగకుండా ఎవరూ మింగవద్దు.

అత్త ఆరు నెలలుంది. బళ్ళారిలో చూపించాం, చేసేదేమీ లేదన్నారు. మంచం పెరటి పంచలోనే వేయించుకుంది. చూడటానికి వీధిలో ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. యాభై దాటినది ఎవరు వచ్చినా, బాగున్నావా అని కూడా అడగకుండా, దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకునేది.

"నీకేమన్నా కనిపిస్తాందా? సిగ్గుపడొద్దు, సెప్పు" అనేది.

చాలామంది చెయ్యి విడిపించుకుని నవ్వుతూ పోయారు. ఇద్దరు చెప్పారు.